గడీలో మొదటి గ్లాసు

మొన్న మా మనవరాలు ఇంటికి ఒక మిషను కొనుక్కొచ్చింది. సీసాలో నీళ్లు పోసి తగిలించి మీట నొక్కితే గ్యాసు దిగి ఇంట్లోనే సోడా తయారవుతుంది. దాంతోపాటు నారింజ ఎసెన్సు సీసా కూడా ఇచ్చారు. ఆ పిల్ల ఎసెన్సును ముందే నీళ్లలో కలిపేసి, ఇక మీట నొక్కబోయింది. నేను కుర్చీలోంచి లేచిన తీరు చూసి ఇంట్లోవాళ్లు నాకేదో అయిందనుకున్నారు.

"ఆగు బిడ్డా! ముందు గ్యాసు, తర్వాత రుచి. ఉల్టా చేస్తే ఇల్లంత నారింజపండే!" అని అరిచాను.

"గోలీసోడా కొట్టినోనివి, గీ మిషను సంగతి నీకెట్ల తెలుసు తాతా?" అని నవ్వింది.

బతుకంతా నల్గొండలో సోడా ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయినవాణ్ణి కాబట్టి అందరికీ నేను గోలీసోడా మనిషినే. కానీ ఈ విద్యలో నాకు ఓనమాలు దిద్దించింది అచ్చం ఇలాంటి ఇంటి మిషనే, అదీ ఒక దొర గడీలో, కోటలాంటి ఆయన ఇంట్లో. ఆ ముచ్చట మీలాంటి పడుచువాళ్లకు చెప్పాలనిపించింది. అందులో నీతి వెతకకండి. కొంచెం దొంగతెలివి దొరుకుతుంది, పనికొస్తే ఉంచుకోండి.

మాది నల్గొండ నుంచి హాలియా పోయే దిక్కున ఒక ఊరు. అప్పటికి సాగర్ కాలువ ఊసు కూడా లేదు, చుట్టూ రాళ్లూ జొన్నచేలూ. మేము గొర్లు కాసుకునేవాళ్లం. ప్రతి కులం గడీకి వెట్టి చేయాలి కాబట్టి, మా ఇంటి నుంచి పండుగకో గొర్రె, ఏడాది పొడుగునా ఒక మనిషి పోయేవారు. ఆ గొర్రె ఎటూ తిరిగి రాదు. మనిషిని నేను. మీసం కూడా సరిగ్గా రాని వయసు దాటి, పెళ్లి మాటలు నడుస్తున్న రోజులు.

దొర ఒకసారి పట్నం పోయి ఆ మిషను తెచ్చాడు. (ఇప్పుడు ధైర్యంగా 'తెచ్చాడు' అని రాస్తున్నాను. అప్పట్లో గోడకు కూడా వినబడకుండా అనేవాళ్లం.) కింద పెద్ద గాజు బుడ్డి, పైన చిన్న గాజు బుడ్డి, పగిలితే ముక్కలు మొహం మీదికి రాకుండా చుట్టూ ఇనుప తీగ అల్లిక. పెద్దదాంట్లో నీళ్లు, చిన్నదాంట్లో వంటసోడా, నిమ్మ ఉప్పు. రెండు బుడ్లు కలిసేచోట గ్యాసు బయటికి పోకుండా ఒక తోలు వాషరు. నీళ్లు పొడికి తగిలితే గ్యాసు పుడుతుంది. పైన ఇత్తడి నల్లా తిప్పితే బుస్సుమని సోడా దిగుతుంది. గ్లాసులో అడుగున షర్బత్ పాకం పోసి, గ్లాసు కొంచెం వంచి, దాని మీదికి సోడా వదలాలి. ఇంతే పని. దొర ఇంట్లో నలుగురు వంటవాళ్లుండగా, నా చేతులు గొర్రెలు పిండిన చేతులు కాబట్టి మెత్తగా ఉంటాయని ఆ పని నాకు అప్పగించాడు.

మెత్తటి చేతులకు బుర్ర కూడా మెత్తగానే ఉంది. మా ఇంట్లో పానకమైనా మజ్జిగైనా ముంతలో అన్నీ వేసి కలుపుతాం. అలాగే గులాబీ షర్బత్ మొత్తం బుడ్డిలోనే పోసి, బాగా కలవాలని చల్ల చిలికినట్టు ఊపాను. నల్లా తిప్పగానే గులాబీ నురగ లేచి, ఆ రోజు చుట్టంగా వచ్చిన తాలూకా అధికారి తెల్ల షేర్వానీ మీద పడి, అక్కడినుంచి మిద్దె కప్పుకు చేరింది. షేర్వానీ చాకలి దగ్గర బాగుపడింది, నా వీపు ఎల్లిగడ్డ నూనెతో బాగుపడింది. కప్పు మీది మరక మాత్రం బాగుపడలేదు. వచ్చిన ప్రతి చుట్టం దాన్ని చూసి ఏమిటని అడిగితే, హోలీ ఆడామని దొర చెప్పేవాడు.

గడీలో ఆ సోడాకు అందరికంటే పెద్ద గిరాకీ దొర తల్లిది. పెద్దదొరసాని అంటాం. ఆమెకు మడి ఎక్కువ, త్రేన్పులు ఇంకా ఎక్కువ. భోజనం చేసి సోడా తాగితేగాని పొట్టలో గాలి కదిలేది కాదు. బావినీళ్లు ఎవరు తోడారో పదిసార్లు అడిగే ఆమె, ఈ నీళ్లను మాత్రం పట్నంనుంచి వచ్చిన మందులా కళ్లు మూసుకుని తాగేది. లోపల తోలు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అడగని మాట చెప్పడం గడీలో అలవాటు లేదు.

దొరకు ఇంకొక అలవాటుంది, విషం భయం. ఊళ్లలో దొరలకు ఎదురుగా సంగం లేచినప్పటినుంచి ఆ భయం ముదిరింది. ఏ షర్బత్ అయినా ఎవరో ఒకరు ఆయన కళ్ల ముందు తాగి, కాసేపు నిలబడి, పడిపోకపోతేనే ఆయన ముట్టేవాడు. ఆ పని కూడా నాదే. నా జీవితంలో తిన్న తన్నులు, తాగిన షర్బత్ రెండూ సమానంగా ఉండటానికి కారణం అది.

తర్వాత సంగం మా ఊరిదాకా వచ్చింది. వెట్టి చెయ్యొద్దన్నారు. మొట్టమొదట చెయ్యనన్నది మాదిగవాడలోని ఒక పెద్దమనిషి. గడీకి చెప్పులు, మోట బొక్కెనలు, ఎద్దుల వారులు ఆయన ఇంటినుంచే పోయేవి. ఊరి వరసన నాకు మామ అవుతాడు, నన్ను అల్లుడా అనేవాడు. ఒకరోజు గడీ ముందు నిలబడి, చెప్పులు ఊరికే కుట్టేది లేదని మామూలు గొంతుతో చెప్పి వెళ్లిపోయాడు. అరిచి చెప్పి ఉంటే దొర మర్చిపోయేవాడేమో. మామూలుగా చెప్పిన మాట ఆయన లోపలే ఉండిపోయింది.

కొద్దిరోజులకు దొర కుటుంబంతో పట్నం పారిపోయాడు. పోతూ పోతూ మిషను నా చేతిలో పెట్టి, దాచిపెట్టు, పగిలితే నీ తల పగులుతుందన్నాడు. నేను దాన్ని మా గొర్లదొడ్డి పక్కన గడ్డివాములో దాచాను. తోలు ఎండిపోకుండా ఆముదం రాయాలి. కానీ ఆముదం వాసన వస్తే పెద్దదొరసాని నోట పెట్టదు కాబట్టి గడీలో ఎప్పుడూ వాషరుకు నెయ్యే రాసేవాణ్ణి. అదే అలవాటున, మా ఇంట్లో పిల్లలకు లేని నెయ్యి తెచ్చి తోలుకు దండిగా పట్టించి మరీ దాచాను. గడ్డివాములో నెయ్యి పట్టించిన తోలు పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? మా ఊరి ఎలుకలు అంత గొప్ప విందు మళ్లీ చూసి ఉండవు.

పోలీసు యాక్షన్ అయింది. పట్నంలో సర్కారు మారింది. రజాకార్లు మాయమయ్యారు, మిలిటరీ జీపులు దిగాయి, వాటి దుమ్ము ఆరకముందే వెనకాల దొర తిరిగొచ్చాడు. రాగానే గోడ మీద పాత సర్కారు నవాబు బొమ్మ తీసేయించాడు. బొమ్మ ఉన్న జాగాలో సున్నం తెల్లగా, చతురస్రంగా మిగిలిపోయింది. ఆ మర్నాడే కబురొచ్చింది, మిలిటరీ ఆఫీసరు గడీకి వస్తున్నాడని. చుట్టుపక్కల ఊళ్లలో సంగపోళ్లను ఏరుకుపోతున్న ఆఫీసరే.

"సాబుకు సోడా షర్బత్ వొయ్యాలె. మిషను తీస్కరా," అన్నాడు దొర.

తెచ్చాను. విప్పి చూస్తే వాషరు జాగాలో ఎలుక పెంట ఉంది. దొర నా చెంప మీద కొట్టి, తర్వాత ఆలోచించాడు. ఆయన పద్ధతి అదే, ముందు కొట్టి తర్వాత ఆలోచించడం. దారులు తెగి ఉన్నాయి, పట్నంనుంచి వాషరు వచ్చే మాట లేదు. "మాదిగోని కాడికి పో," అన్నాడు చివరికి.

మామ ఇంటి ముందు లందలో తోలు నానబెట్టి కూర్చున్నాడు. విషయం చెప్పాను. ఎలుకల మాట వినగానే కడుపు పట్టుకుని నవ్వాడు.

"చేస్త అల్లుడా. వెట్టికి గాదు."

"ఏం గావాలె మామా?"

"పైసలొద్దు. నేను చేసినదాంట్లకెల్లి వచ్చే నీళ్లు ఎట్లుంటయో నేను సూడాలె. మొదటి గ్లాసు నాది. గడీ వసారల కూసోని తాగుత. చెప్పులిడ్వ. దొర తాగే గాజు గ్లాసులనే తాగుత, దొప్పల గాదు."

"గా మాట చెప్తే దొర నా తోలు ఒలుస్తడు మామా!"

"ఒలిస్తే పారెయ్యకు. నాకు తెచ్చియ్యి, ఇంకో వాషరు చేస్త."

నేను కాళ్లు ఈడ్చుకుంటూ గడీకి వచ్చి, మాటలు మింగుతూ ఉన్నదున్నట్టు చెప్పాను. కొడతాడనుకుని చెంప కూడా సిద్ధం చేసుకున్నాను. దొర నవ్వాడు.

"గంతేనా? రమ్మను. తాగనియ్."

దొర అంత తేలిగ్గా నవ్విన రోజు ఊళ్లో ఎవరికో మూడిందని మాకు తెలుసు. అయినా నేను ఆ మాట నమ్మాను, ఎందుకంటే నమ్మితే నా పని సులువవుతుంది.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున పాకం కాస్తుంటే, వంటింటి పక్క గదిలో దొర పెత్తనదారుతో మాట్లాడటం వినబడింది. పెత్తనదారంటే గడీ పనులన్నీ చూసే మనిషి.

"వాన్ని రానియ్. వాషరు బిగిచ్చినంక, గ్లాసు చేతిల వట్టుకున్నంక, నేను సాబుకు చెప్త, ఊళ్లె సంగం పెట్టింది వీడేనని. జీపుల ఏస్కపోతరు. తాగుతడట, తాగుతడు!"

నా చేతిలో గరిటె ఆగిపోయింది. పక్క ఊళ్లనుంచి జీపెక్కినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. మామకు చెప్పి రావాలని వాకిట్లోకి ఉరికాను. అప్పటికే ఆఫీసరు జీపు దిగుతున్నాడు. జీపు వెనకాలే, కొత్త చెప్పులు కిర్రుకిర్రుమంటుండగా, తలకు కడిగిన రుమాలు చుట్టుకుని మామ వస్తున్నాడు. ఇద్దరి మధ్యా దూరి మామ చెవిలో ఊదే సందు కూడా లేదు.

ఆఫీసరు వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. పెద్ద మీసం, మనది కాని హిందీ, చుట్టూ తుపాకులతో జవాన్లు. ఆయన కళ్లు గోడ మీది తెల్ల చతురస్రం చూశాయి, తర్వాత కప్పు మీది గులాబీ మరక చూశాయి. ఏమిటని దొరను అడగలేదు. అడగని మనిషిని చూస్తే నాకు ఇంకా భయమేసింది.

మామ చెప్పులు విడవకుండా మెట్లెక్కాడు. పెత్తనదారు పశువుల కొట్టం వైపు పొమ్మని చేయి చూపించాడు. మామ చూడనట్టే మిషను దగ్గరికి వచ్చి, రుమాలు ముడిలోంచి వాషరు తీసి, బుడ్ల మధ్య పెట్టి బిగించాడు. తర్వాత వసారా అరుగు మీద కూర్చున్నాడు. తెర వెనక పెద్దదొరసాని గాజులు గలగలమన్నాయి.

నేను గాజు గ్లాసులు వరసగా పెట్టి, అడుగున గులాబీ పాకం పోసి, నల్లా తిప్పాను. బుస్సుమన్నది. చుక్క కారలేదు, గాలి బయటికి పోలేదు. ఆఫీసరు పిల్లవాడిలా ముందుకు వంగాడు. మొదటి గ్లాసు తీసి మామ వైపు తిరిగాను. అప్పుడే దొర కుర్చీలోంచి లేచి, గొంతు సవరించుకుని, "సాబ్, యే ఆద్మీ..." అని మొదలుపెట్టాడు.

నాకు ఆ క్షణంలో ఏ ఆలోచనా రాలేదు. నాకు వచ్చిన విద్య ఒక్కటే, గడీలో రోజూ చేసే పని. అదే నోటికొచ్చింది.

"హుజూర్, ఆగుండ్రి! ఎవ్వరు ముట్టొద్దు!" అని కేక పెట్టాను.

జవాన్ల తుపాకులు కదిలాయి. దొర నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. గడీలో నేర్చిన ముక్కల ఉర్దూతో నేను ఆఫీసరుకు విన్నవించుకున్నాను. ఇది ఈ ఇంటి కాయిదా హుజూర్. విషం ఉందో లేదో ఒకరు తాగి చూపందే ఇక్కడ దొరవారు కూడా ముట్టరు. చుట్టం ప్రాణం ఇంకా విలువైంది కదా అన్నాను.

విషమనే మాట వినగానే ఆఫీసరు చేయి గ్లాసు దగ్గరనుంచి వెనక్కి పోయింది. ఆయన మళ్లీ గోడ మీది తెల్ల జాగా చూశాడు. దొరను చూశాడు. "నిజమేనా?" అన్నాడు.

"నిజమే సాబ్... కాయిదా... ఉంది," అన్నాడు దొర. లేదంటే విషం కలిపామన్నట్టవుతుంది మరి.

"అయితే నువ్వే తాగు," అన్నాడు ఆఫీసరు నాతో.

"కలిపినోడే తాగితే ఏం లాభం హుజూర్? నేను విరుగుడు ముందే మింగి ఉండొచ్చు," అన్నాను. ఇంత తెలివి నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. మళ్లీ ఎన్నడూ రాలేదు. "ఈయన తాగి చూపుతడు. మిషను బిగిచ్చింది ఈయననే. దొరవారికి ప్రాణం మీదికొచ్చే పనికి ఈయన మీదనే నమ్మకం."

ఆఫీసరు దొర వైపు తిరిగాడు. ఇప్పుడు దొర ఏమంటాడు? వీడు సంగపోడంటే, సంగపోని చేత మిషను బిగించి నీకే తాగించబోయానని ఒప్పుకున్నట్టు. "హా సాబ్... పాత నమ్మకస్తుడు," అన్నాడు. ఆ మాట ఆయన గొంతులోంచి పన్ను పీకినట్టు వచ్చింది.

మామ నా మొహం చూశాడు. ఆయనకు ఏం అర్థమైందో ఎంత అర్థమైందో తెలియదు గానీ, నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, గోడకు ఆనుకుని, చెప్పుల కాలు మీద చెప్పుల కాలు వేసుకున్నాడు. ఒక గుటక. కళ్లు మూసుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు ఆఫీసరు.

"నాలికె మీద సుర్రుమంటాంది. విషమో గ్యాసో ఎర్కయితలేదు. మొత్తం తాగితెగని తెల్వది," అన్నాడు మామ. నేను ఉర్దూలో చెప్పాను. మామ తొందరపడకుండా గ్లాసంతా తాగాడు.

నాకు భయం పోయి అల్లరి పట్టుకుంది. "హుజూర్, విషం పాకంల లేకుంటే గ్లాసుకు పూసి ఉండొచ్చు. తమరు ఏ గ్లాసు తీసుకుంటరో తెల్వది. అన్నీ చూడాలె," అన్నాను. ఆఫీసరు మీసం కింద ఏదో కదిలింది. కానియ్యమన్నాడు. మామ వరసగా ప్రతి గ్లాసూ మూతికి పెట్టుకుని తాగాడు. చివరి గ్లాసు దగ్గర ఆగాడు.

"అల్లుడా, తియ్యదాంట్ల లేకుంటే పుల్లదాంట్ల పెట్టొచ్చు. నిమ్మకాయది గూడ ఒకటి పొయ్యి. చుట్టం పాణం జర భద్రం."

ఆ మాట ఉర్దూలోకి తిప్పేసరికి ఆఫీసరు తొడ చరిచి నవ్వాడు. నిమ్మకాయ గ్లాసు కూడా అయ్యాక మామకు జీవితంలో మొదటి గ్యాసు త్రేన్పు వచ్చింది. అది వసారా ఈ చివరినుంచి ఆ చివరిదాకా పోయింది. "బతికే ఉన్న సాబ్," అన్నాడు మామ.

ఆఫీసరు అవే గ్లాసుల్లో పోయమన్నాడు. నేను దొర మొహం చూడకుండా నీళ్లతో తొలిచి, పోశాను. ఆఫీసరు తాగి, రెండో గ్లాసు తన చేత్తోనే దొరకు అందించాడు. చుట్టం ఇచ్చిన గ్లాసు, కాదనలేడు. మామ పక్కన అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. దొర తాగాడు. ఆయన గొంతు ముడి పైకి పోయి కిందికి రావడం నేను గుటక గుటకకూ చూశాను. ఏ సినిమాలోనూ అంత ఆనందం నాకు దొరకలేదు.

వెళ్లేముందు ఆఫీసరు అడిగాడు, ఈ ఊళ్లో సంగపోళ్లు ఎవరెవరని. దొర మామ వైపు చూశాడు. విషం చూసే తన పాత నమ్మకస్తుడి వైపు. "ఎవ్వరు లేరు సాబ్," అన్నాడు.

ఆ రోజు మా ఊరినుంచి జీపు ఖాళీగా పోయింది. పక్క ఊళ్లకు అంత అదృష్టం లేదు, వాళ్లకు సోడా మిషన్లు లేవు. ఆ మాట తలచుకుంటే నవ్వుతున్నవాణ్ణి ఇప్పటికీ ఆగిపోతాను. అందరికీ ఒక్కొక్క గ్లాసు పోయగలిగితే ఎంత బాగుండేది.

జీపు కనుమరుగు కాగానే దొర పట్నం గ్లాసులన్నీ వాకిట్లో బండకు కొట్టించాడు. ఏది మామ ముట్టనిది? అన్నీ ముట్టాడు కదా. తర్వాత మిషను మీదికి వచ్చాడు. తెర తీసుకుని పెద్దదొరసాని బయటికి వచ్చింది.

"మిషను మీద చెయ్యేస్తే ఊకోను. నెలలకొద్ది నా పొట్టల గాలి కదుల్తలేదు."

"అమ్మా, దాంట్ల తోలున్నది. వాడు చేసిన తోలు! ముందున్నది గూడ తోలే."

పెద్దదొరసాని కాసేపు మిషను వంక చూసింది. నా వంక చూసింది. నేను కప్పు మీది మరక వంక చూశాను.

"మద్దెలకు లేదా తోలు? దేవుని ముంగట వాయిస్తలేరా?" అన్నది చివరికి. "నువ్వు సోడా పొయ్యిరా. అల్లం ఏసి పొయ్యి," అన్నది నాతో.

గాజు గ్లాసు లేదు కాబట్టి వెండి గ్లాసులో పోశాను. ఆమె తాగి, తృప్తిగా త్రేన్చి, మడిగా లోపలికి పోయింది.

పొద్దుగూకే వేళ మామ ఇంటికి పోయాను. పొద్దున దొర అన్న మాటలు అప్పుడు చెప్పాను. మామ చేస్తున్న పని ఆపి తన పిల్లలు ఆడుకునే దిక్కు చూశాడు. నా వీపు మీద చేయి వేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ చేతికి తోలు నానబెట్టే తంగేడు చెక్క వాసన ఉంది.

ఏడుపు కనబడకుండా గ్లాసుల సంగతి ఎత్తాను. "అన్ని పలగ్గొట్టిచ్చిండు మామా."

"మిషనో?"

"ముసలమ్మ పలగ్గొట్టనియ్యలే. తాగుతాంది."

మామ నవ్వి మళ్లీ తోలు చేతికి తీసుకున్నాడు.

"అయితె దొరకు చెప్పు, పట్నంకెల్లి కొత్త గ్లాసులు తెప్పిచ్చుకొమ్మను. వాషరు ఏడాదికంటె ఎక్వ రాదు."